నాలుగు నోట్‌బుక్కులు పట్టుకున్న తల్లి, కాగితం లేని కోఆర్డినేటర్, హైదరాబాద్ ట్రైనింగ్

ఈసారి ఉత్తరం హనుమకొండ నుంచి వచ్చింది. రాసినామె తన పేరు, పనిచేసే సంస్థ పేరు బయటికి రావొద్దని కోరింది. ఉత్తరం చాలా పెద్దగుంది, ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ చెప్తున్న.

ఆమెకు 34 ఏండ్లు. స్పెషల్ బీఎడ్ చేసింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, డౌన్ సిండ్రోమ్, మేధో వైకల్యం ఉన్న పిల్లల కోసం ఒక ట్రస్ట్ నడిపే సెంటర్‌ల తొమ్మిదేండ్ల సంది స్పెషల్ ఎడ్యుకేటర్‌గా చేస్తున్నది. జీతం 18 వేలు. ఆరు నెలల కింద ట్రస్ట్ వాళ్లు పిలిచి "ఇగ నుంచి నువ్వే కోఆర్డినేటర్‌వి" అన్నరు. కాగితం ఇయ్యలే, జీతం పెంచలే, క్లాసులు తగ్గించలే. సెంటర్‌ల ఒక ఫిజియోథెరపిస్ట్ సార్ ఉన్నడు, ఈమె కంటే పదేండ్లు పెద్ద. స్పీచ్ థెరపిస్ట్ మేడం వారానికి మూడు రోజులు వస్తది. కొత్తగ చేరిన సైకాలజిస్ట్ అమ్మాయి ఒకామె. నెలకోసారి పిల్లల డాక్టర్ వచ్చి చూసి పోతడు. కోఆర్డినేటర్ అయినంక మొదటి వారమే ఈమె అందరం కలిసి కూసుందామంటే ఫిజియో సార్ "నువ్వు టీచర్‌వి, థెరపీ సంగతి నాకు నువ్వు చెప్పుడేంది" అని అందరి ముందరనే అన్నడంట. ఆనాటి నుంచి ఆమె మీటింగ్ మాటే ఎత్తలే.

పరకాల దిక్కు ఊరు నుంచి ఒక తల్లి ఆరేండ్ల బాబును తీసుకొని వచ్చేదంట. బాబుకు సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని ఒళ్లు, కదలికలు అదుపుల ఉండయ్, ఫిట్స్ కూడా ఉన్నయ్. ఇంట్ల చేయాల్సిన పని కింద ఫిజియో సార్ పొద్దున అర్ధగంట, సాయంత్రం అర్ధగంట స్ట్రెచింగ్ చెప్పిండు. స్పీచ్ మేడం మూడు పూటలా కూసోబెట్టి, చిన్న చెంచాతోని, పూటకు నలభై నిమిషాలు ఆగి ఆగి తినిపియ్యమన్నది. ఉత్తరం రాసినామె బొమ్మల కార్డులతోని అర్ధగంట పని ఇచ్చింది. సైకాలజిస్ట్ బాబు ఎప్పుడెప్పుడు ప్లేట్ విసిరేస్తున్నడో చార్ట్ రాయమన్నది. ఎవరి నోట్‌బుక్ వాళ్లదే. ఒకరోజు ఆ తల్లి నాలుగు నోట్‌బుక్కులు బల్ల మీద పెట్టి "మేడం, నాకింకో బిడ్డ ఉంది, పత్తి ఏరవోవాలె, ఇవన్నిట్ల ఏది చేయాలె, ఏది ఇడిసిపెట్టాలె, మీరే చెప్పుండ్రి" అన్నదట. ఈమె దగ్గర జవాబు లేకుండె. దసరా తర్వాత ఆ తల్లి రావుడు బందయింది.

ఇప్పుడు హైదరాబాద్‌ల ఒక సంస్థ ఏడాది ట్రైనింగ్ పెడుతున్నది. వైకల్యాలున్న పిల్లలతోని పనిచేసే వేరేవేరే రంగాలవాళ్లను కలిపి టీమ్‌ను నడిపే పద్ధతి నేర్పుతరంట. నెలకు రెండు శని ఆదివారాలు, ఫీజు 60 వేలు. ట్రస్ట్ సగం కడతనంటున్నది, కానీ మూడేండ్ల బాండ్ రాయాలె. వదిన అమెరికాల ఆడియాలజిస్ట్ (వినికిడి నిపుణురాలు), ఆమె అక్కడ లెండ్ అనే ప్రోగ్రాం చేస్తున్నది, ఇట్లాంటి పిల్లలతోని పనిచేసే వేరేవేరే రంగాలవాళ్లకు లీడర్‌షిప్ నేర్పేది, "ఇక్కడికే వచ్చి చదువు" అంటున్నది. భర్త ప్రైవేట్ కాలేజీల లెక్చరర్, "ఆదివారాలు కూడా నువ్వు లేకపోతే ఇల్లెట్ల" అంటున్నడు. బిడ్డ రెండో తరగతి, అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు. అప్లికేషన్‌కు నెల రోజుల గడువుంది.

ఆమె అడిగేది ఇది: ట్రైనింగ్‌కు పోవాల్నా? పోయొస్తే ఆ సార్ నా మాట వింటడా? లేకపోతే ఈ కోఆర్డినేటర్ పని నాకొద్దని చెప్పి నా క్లాస్‌ల నేను కూసోవాల్నా?

చెల్లె, నన్ను అక్కా అని పిలిచినవు కాబట్టి మీరు అనకుంట నువ్వు అనే రాస్తున్న.

నువ్వు అడిగింది ట్రైనింగ్ గురించి, కానీ నీ ఉత్తరంల ఎక్కువ జాగా ఆ పరకాల తల్లికే పోయింది. అందుకే నేను కూడా ఆమెతోనే మొదలుపెడత, ఎందుకంటే నీ మూడు ప్రశ్నల జవాబు ఆమె దగ్గర మొదలైతది.

మీ నలుగురు చెప్పినదాంట్ల తప్పేం లేదు. స్ట్రెచింగ్ లేకపోతే ఆ బాబు కాళ్లు బిగుసుకపోతయ్. వెనక్కి వాలి పడుకోబెట్టి తినిపిస్తే మెతుకు శ్వాసనాళంల పడి దగ్గు, నిమ్ము పట్టుకుంటది. మాట రాని పిల్లగానికి కార్డులు కావాలె. చార్ట్ కూడా అవసరమే. కానీ కలిపి లెక్కేసి చూడు, స్ట్రెచింగ్‌కు గంట, తిండికి రెండు గంటలు, కార్డులకు అర్ధగంట, మొత్తం మూడున్నర గంటలు, చార్ట్ రాసుడు వేరే. పొద్దున్నే పత్తికి పోయి పొద్దూకినంక ఇంటికొచ్చే మనిషికి ఈ మూడున్నర గంటలు ఎక్కడియి? ఆమె రావుడు మానింది శ్రద్ధ లేక కాదు, మీ సెంటర్‌ల నలుగురికి నాలుగు ప్లాన్లు ఉన్నయ్ కానీ ఆ బాబుకు ఒక్క ప్లాన్ లేదు.

అదే నలుగురు ఒక్క అర్ధగంట కలిసి కూసుంటే ఏమైతదో చెప్త చూడు. బాబు అన్నం తినే టైమ్ తీసుకుందాం. ఫిజియో సార్ కుర్చీ సంగతి చూస్తడు, నడుము నిటారుగ ఉండాలె, మోకాళ్లు వంగి పాదాలు కింద పలక మీద ఆనాలె, ముందర ట్రే ఉండాలె. అట్ల కూసునుడే ఆయన కోరుకునే నడుము బలానికి పని. అదే కుర్చీల ఉన్నప్పుడు స్పీచ్ మేడం చెంచా ఎక్కడ పెట్టాలె, గడ్డం ఎంత కిందికుండాలె, ఏ చిక్కదనం మింగుతడు అన్నది తల్లి ముందరనే చూపిస్తది. పలుచటి చారన్నంతోని దగ్గొచ్చే పిల్లగాడు జొన్న గట్క చక్కగ మింగొచ్చు, అది మేడం చూసి తేల్చాలె కానీ గట్క ఆ ఇంట్ల రోజూ ఉండేదే కదా, వేరే వండాల్సిన పనిలేదు. నీ కార్డులల్ల రెండే రెండు ట్రే మీద పెట్టు, "ఇంకా", "చాలు". ప్రతి చెంచాకు ముందర బాబు ఒక కార్డు దిక్కు చూస్తడు. ప్లేట్ విసిరేసుడు "చాలు" అని చెప్పే దారి లేకనే అయితే ఆ కార్డుతోనే సగం తగ్గుతది. సైకాలజిస్ట్ అమ్మాయికి చార్ట్ కావాలంటే తల్లితోని రాయించుడెందుకు, వచ్చినప్పుడు అడిగి తనే రాసుకోవచ్చు. స్ట్రెచింగ్ స్నానం చేపించినంక, వేడినీళ్లకు కండరాలు వదులైనప్పుడు, బట్టలు తొడిగేటప్పుడే చేయొచ్చునా అని సార్‌ను అడగాలె. ఇగ డాక్టర్‌ను అడగాల్సింది ఒకటుంది, ఫిట్స్ మందు వేసినంక బాబుకు మత్తు ఏ టైమ్‌ల ఎక్కువుంటది అని. మత్తుగున్నప్పుడు తినిపిస్తే ప్రమాదం, ఆ టైమ్‌ల పెట్టిన థెరపీ కూడా వేస్టే.

మూడున్నర గంటల పని అట్ల ఆ తల్లి ఎట్లయినా చేసే పనులల్లనే కలిసిపోతది. వేరేవేరే చదువులు చదివినోళ్లు కలిసి పనిచేసుడంటే ఇదే చెల్లె, నువ్వు పోదామనుకుంటున్న ట్రైనింగ్‌ల నేర్పాల్సింది కూడా ఇదే. అది అట్ల నేర్పుతదా లేదా అన్నది చూసుకొని పోవాలె.

మీ వదిన చేస్తున్నదాని గురించి రెండు మాటలు చెప్త, పోల్చి చూసుకునేటందుకు పనికొస్తది. లెండ్ ప్రోగ్రాంలు అమెరికాల యూనివర్సిటీలు, పిల్లల ఆస్పత్రులకు అనుబంధంగ నడుస్తయ్, దేశం మొత్తంల 60 దాకా ఉన్నయ్. దాని వేర్లు 1950ల నాటివి. 1963ల కెన్నెడీ ప్రెసిడెంట్‌గ ఉన్నప్పుడు ఈ పిల్లల కోసం పనిచేసేటోళ్లకు ట్రైనింగ్ ఇచ్చే యూనివర్సిటీ సెంటర్లకు చట్టం వచ్చింది, ఆయన సొంత చెల్లె రోజ్‌మేరీకి మేధో వైకల్యం ఉండె. పూర్తి ట్రైనీకి కనీసం 300 గంటలు ఉంటది. పిల్లల డాక్టర్, నర్స్, ఫిజియో, ఆక్యుపేషనల్ థెరపిస్ట్, స్పీచ్, ఆడియాలజీ, సైకాలజీ, సోషల్ వర్క్, న్యూట్రిషన్, స్పెషల్ ఎడ్యుకేషన్, ఇట్ల అందరూ ఒక్క క్లాస్‌ల కూసుంటరు. నాకు బాగా నచ్చేది ఏందంటే, వైకల్యం ఉన్న పిల్లల అమ్మానాన్నలు, వైకల్యం ఉన్న పెద్దవాళ్లు కూడా అక్కడ ట్రైనీలే, డాక్టర్‌తోని సమానంగ. చాలా చోట్ల ప్రతి ట్రైనీ ఒక కుటుంబంతోని జత కట్టి వాళ్లింటికి పోయి, వాళ్ల రోజు ఎట్ల గడుస్తదో చూసి నేర్చుకుంటడు. కుటుంబమే అక్కడ టీచర్. అట్ల నేర్చుకున్నోడు పరకాల తల్లికి నాలుగో నోట్‌బుక్ ఇయ్యడు.

అక్కడ లీడర్‌షిప్ అంటే ఏం నేర్పుతరో కూడా చూడు. తల్లీపిల్లల ఆరోగ్య రంగం కోసం అక్కడ 12 సామర్థ్యాలు రాసుకున్నరు, వాటిని మూడు భాగాలు చేసిండ్రు, నిన్ను నువ్వు తెలుసుకునుడు, పక్కవాళ్లతోని పనిచేసుడు, బయటి సమాజాన్ని వ్యవస్థను కదిలించుడు. పక్కోళ్ల మీద ఆర్డర్ వేసుడు అనేది అండ్ల లేదు. మాట వినుడు, మధ్యవర్తిగ తగువు తేల్చుడు, కుటుంబాన్ని నిర్ణయంల కలుపుకునుడు, ఇవన్నీ ఉన్నయ్. ఆ 12 అంశాల కాగితం నెట్‌ల ఫ్రీగనే దొరుకుతది, వదినను అడిగి తెప్పించుకొని చదువు, ఫీజు కట్టకముందే చదువు.

ఇప్పుడు నీ రెండో ప్రశ్న, సర్టిఫికెట్ తెస్తే సార్ వింటడా అన్నది. సర్టిఫికెట్ చూసి వినడు. ఇంకింత బిగుసుకునే అవకాశమే ఎక్కువ, ఎందుకంటే ఆయనకు అడగకుంట నిన్ను పంపినట్టయితది. ఆయన అందరి ముందర అన్న మాట బాగలేదు, అది నీకు తగిలింది, తగలాల్సిందే. కానీ ఆయన దిక్కు నుంచి కూడా ఒక్కసారి చూడు. ఆయన పదేండ్లు పెద్ద, ఆయనకు ట్రస్ట్ వాళ్లు ఒక్క మాట చెప్పకుంట, కాగితం లేకుంట, ఒకనాడు పొద్దుగాల నువ్వు కోఆర్డినేటర్‌వి అయినవు. ఆయన కోపం సగం ట్రస్ట్ మీదిది, ఎదురుంగ ఉన్నది నువ్వు కాబట్టి నీ మీద పడ్డది.

ఎవరు పెద్ద అనే లెక్కకు చట్టంల కూడా జవాబు దొరకదు. స్పెషల్ ఎడ్యుకేటర్లు, స్పీచ్ థెరపిస్ట్‌లు, క్లినికల్ సైకాలజిస్ట్‌లు 1992 ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) చట్టం కిందికి వస్తరు, ఫిజియోలు 2021ల వచ్చిన అలైడ్ హెల్త్‌కేర్ చట్టం కిందికి వస్తరు. ఎవరి రిజిస్టర్ వాళ్లది, ఎవరి పనికి వాళ్లే బాధ్యులు. స్ట్రెచింగ్ ఎట్ల చేయాల్నో నువ్వు ఆయనకు చెప్పొద్దు, చెప్పలేవు. ఆ తల్లికి రోజుల ఎంత టైమ్ ఉందో, దాంట్ల ఎవరి పని ఎంత పట్టాల్నో అన్నది మాత్రం అందరు కలిసి తేల్చుకోవాలె, ఆ తేల్చే కాడ కూసునేదే కోఆర్డినేటర్.

అందుకే మళ్ల మీటింగ్ అని అందరికి చెప్పకముందు ఒక్కదానివే ఆయన గదికి పో. ఆ రోజు అన్న మాట ఎత్తకు. బాబు సంగతే మాట్లాడు. "సార్, ఈ బాబు మళ్ల రావాలంటే కూసునే కుర్చీ తోనే మొదలుపెట్టాలె అనుకుంటున్న, మీరు కొలతలు చెప్పకుంట మేడం గానీ నేను గానీ ముందుకు పోలేం, ఒక అర్ధగంట ఇస్తరా" అని అడుగు. ఇది ఆయన్ని ఉబ్బించుడు కాదు, నిజంగనే ఆ ప్లాన్ ఆయన కాడనే మొదలైతది. చాలామంది సీనియర్ థెరపిస్ట్‌లు కోఆర్డినేటర్ పిలిస్తే రారు కానీ పిల్లగాని కోసం పిలిస్తే వస్తరు. ఒకవేళ అట్ల అడిగినా రాను పో అన్నడనుకో, అప్పుడది నీతోని తేలే ముచ్చట కాదు, ట్రస్ట్ వాళ్లు ఆయన్ని కూసోబెట్టి మాట్లాడాల్సిందే, ఆ మాట నువ్వు వాళ్లకు కాగితం మీద రాసియ్యాలె.

కాగితం అన్న కాడ కొంచెం గట్టిగ చెప్త. పేరు ఇచ్చి టైమ్ ఇయ్యకపోవుడు, బాధ్యత ఇచ్చి అధికారం ఇయ్యకపోవుడు మన దగ్గర చిన్న సంస్థలల్ల ఎక్కువ జరిగేది ఆడవాళ్ల విషయంలనే. పని బాగ చేస్తదని తెలిసినామె మీద ఇంకో పని పడేస్తరు. నీకు జీతం పెంచే స్తోమత ట్రస్ట్‌కు లేకపోవచ్చు, అర్థం చేసుకోవచ్చు. కానీ నీ క్లాసులల్ల కనీసం కొన్ని వేరేవాళ్లకు ఇయ్యాలె, స్పీచ్ మేడం వచ్చే రోజులల్ల ఒకరోజు గంటసేపు అందరికి థెరపీ బంద్ పెట్టి కూసునే టైమ్ రాసియ్యాలె, పిల్లగానికొక్కటే ఫైల్ ఉండాలె, నలుగురు అండ్లనే రాయాలె, ఇద్దరికి పొసగకపోతే ఎవరు తేలుస్తరో రాసుండాలె. ఈ నాలుగు మాటలతోని ఒక్క పేజీ ఆర్డర్ చాలు. అది లేకుంట నువ్వు ఎంత పెద్ద ట్రైనింగ్ చేసొచ్చినా మళ్ల అదే సెంటర్‌ల, అదే టైంటేబుల్ కింద, అదే మాట పడాల్సొస్తది.

ఇగ దారులు చూద్దాం.

హైదరాబాద్ ట్రైనింగ్‌కు పోతే మంచిదే ఎక్కువ, అది సరైన ట్రైనింగ్ అయితే. వాళ్లకు ఫోన్ చేసి అడుగు. నీతోని క్లాస్‌ల కూసునేది ఎవరెవరు? అందరు స్పెషల్ ఎడ్యుకేటర్లే అయితే పేరు ఏం పెట్టినా అది టీచర్ల ట్రైనింగే. పాఠం చెప్పేటోళ్లల్ల పిల్లల తల్లిదండ్రులు, వైకల్యం ఉన్న పెద్దవాళ్లు ఎవరన్న ఉన్నరా? ఒక నిజమైన కుటుంబంతోని ఏడాది పొడుగునా పనిచేయిస్తరా, లేకపోతే శని ఆదివారాలు స్లైడ్లు చూపించి పంపిస్తరా? నీ సొంత సెంటర్‌ల ఏదన్న మార్చి చూపించే ప్రాజెక్ట్ ఉంటదా, అది చేసేటప్పుడు అడిగితే చెప్పే మనిషి ఉంటడా? నీ ఆర్‌సీఐ రెన్యూవల్‌కు సీఆర్‌ఈ పాయింట్లు (చదువైనంక కూడా ట్రైనింగ్‌లు తీసుకుంటే వచ్చేవి) వస్తయా? వీటికి జవాబులు తిన్నగ రాకపోతే 60 వేలు పెట్టొద్దు. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌ల ఎన్‌ఐఈపీఐడీ ఉంది, మేధో వైకల్యం ఉన్నోళ్ల కోసం 1984ల పెట్టిన జాతీయ సంస్థ, అక్కడ చిన్న చిన్న సీఆర్‌ఈ ప్రోగ్రాంలు నడుస్తుంటయ్, ముందుగాల అట్లాంటిది ఒకటి చూసుకొని తర్వాత పెద్దదాని గురించి ఆలోచించినా నష్టం లేదు.

బాండ్ గురించి. మూడేండ్లు ఉండుడు నీకు పెద్ద ఇబ్బంది కాకపోవచ్చు, తొమ్మిదేండ్ల సంది ఉన్నదానివే. కానీ బాండ్ ఒక్క దిక్కే కట్టేస్తది. నువ్వు మధ్యల పోతే 30 వేలు వాపస్ ఇయ్యాలె అని రాస్తరు, మరి వాళ్లు కూసునే టైమ్ ఇయ్యకపోతే, కోఆర్డినేటర్ పని తీసేసి వేరేవాళ్లకు ఇస్తే? అప్పుడు బాండ్ చెల్లదు అన్న మాట కూడా అండ్లనే ఉండాలె. ఏడాది ఏడాదికి కట్టాల్సిన పైసలు తగ్గుకుంట పోయేటట్టు రాయించుకో. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరడిగినా వాళ్ల దగ్గర పెట్టకు, జిరాక్స్ ఇయ్యి, అంతే. నీ సగం 30 వేలంటే నీకు రెండు నెలల జీతానికి దగ్గర దగ్గర, అది కూడా ఒక్కసారే కట్టమంటరా కిస్తులున్నయా అడుగు.

నాకైతే ఇంకో ఆలోచన వస్తున్నది, ట్రస్ట్ ముందర పెట్టి చూడు. ఒక్కదాన్ని పంపే బదులు ఇద్దర్ని పంపమను, నిన్ను, స్పీచ్ మేడంను, లేదంటే నిన్ను, ఫిజియో సార్‌ను. ఇద్దరు పోయొస్తే వచ్చినంక ఆ పద్ధతిని ఇద్దరు నిలబెడతరు, ఒక్కదానివే అయితే "హైదరాబాద్ పోయొచ్చినంక ఈమె ఇట్ల తయారైంది" అంటరు. ఖర్చు ఎక్కువైతది నిజమే, ట్రస్ట్ ఒప్పుకోకపోవచ్చు. ఫిజియో సార్ రానంటడు కావచ్చు. కానీ ఆయన్ని అడిగినరు అన్న సంగతి ఆయనకు తెలుసుడే కొంత పని చేస్తది.

అమెరికా దారి గురించి మీ వదిన ప్రేమతోనే చెప్పింది, కానీ లెండ్‌ల సీటు నేరుగ దొరికేది కాదు. మామూలుగ అక్కడ యూనివర్సిటీల చదువుతున్నోళ్లు, లేదంటే అప్పటికే అక్కడ ఆ రంగంల ఉన్నోళ్లు చేరుతరు. ప్రభుత్వ డబ్బుతోని ఇచ్చే స్టైపెండ్ కూడా మామూలుగ అక్కడి పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నోళ్లకే. అంటే ముందు నువ్వు మాస్టర్స్‌కు వీసా తీసుకొని, లోన్ తీసుకొని, రెండో తరగతి పిల్లను ఇడిసిపెట్టో తీసుకొనో పోవాలె. నీకు అక్కడ బతకాలని కోరిక ఉంటే అది వేరే నిర్ణయం, దాన్ని వేరేగనే తీసుకో. మీ సెంటర్ బాగుచేసుకునేటందుకైతే అంత దూరం అక్కర్లేదు. అక్కడి పద్ధతి ఏందో వదినను వీడియో కాల్‌ల అడుగు, వాళ్ల టీమ్ మీటింగ్ ఎట్ల మొదలైతది, తల్లి ఎక్కడ కూసుంటది, మొదటి మాట ఎవరు మాట్లాడతరు అని అడుగు. అది నీకు పైస ఖర్చు లేకుంట దొరికే ట్రైనింగ్.

కోఆర్డినేటర్ పని ఇడిసిపెట్టి క్లాస్‌ల కూసునుడు కూడా ఒక దారే, దాన్ని ఓడిపోవుడు అనుకోకు. నువ్వు మంచి టీచర్‌వి అని నీ ఉత్తరమే చెప్తున్నది, ఈ పిల్లలకు మంచి టీచర్ అంటే చిన్న సంగతి కాదు. ఇడిసిపెడితే నీ నిద్ర, నీ ఆదివారం నీకు దక్కుతయ్. కానీ ట్రస్ట్ ఇంకొకరిని పెడతది, లేదా ఎవ్వరిని పెట్టదు, నాలుగు నోట్‌బుక్కులు నాలుగుగనే ఉంటయ్, అది నువ్వు రోజూ చూసుకుంట కూసోవాలె. అది నీకు భరించుడు కష్టమైతదేమో అని నా అనుమానం, నీ ఉత్తరం చదివినంక వచ్చిన అనుమానం. ఇడిసిపెట్టుడే అయితే కాగితం అడిగి, వాళ్లు ఇయ్యం అన్నంక ఇడిసిపెట్టు, అప్పుడు నీకు మనసుల గుబులుండదు.

ఇంటి సంగతి. మీ ఆయన అన్నదాంట్ల నాకు అడ్డం పడుడు కనిపించలే, భయం కనిపించింది. కాజీపేట నుంచి సికింద్రాబాద్ 132 కిలోమీటర్లు, రైలే రెండు రెండున్నర గంటలు, స్టేషన్ నుంచి క్లాస్‌కు ఇంకో గంట, పొద్దున చీకటిలనే బయలుదేరితే రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరుతవు, మళ్ల తెల్లారి అదే. శనివారం రాత్రి అక్కడ ఉండే జాగా దొరికితే వేరే ముచ్చట. ట్రైనింగ్ క్యాలెండర్ తెప్పించుకొని, ఆయన కాలేజీ పరీక్షల టైమ్, బిడ్డ స్కూలు, అత్తమ్మ డాక్టర్ చూపులు అన్నీ పక్కపక్కన పెట్టి ఇద్దరు కూసోండ్రి. నెలకు నాలుగు రోజులు అంటే వినేటందుకు చిన్నగనే ఉంటది, బతుకమ్మకు ముందటి ఆదివారం వచ్చినప్పుడు తెలుస్తది. ఏయే ఆదివారాలు ఆయన పూర్తిగ చూసుకుంటడు, ఏయే వాటికి మీ అమ్మనో చెల్లెనో పిలుస్తవు అన్నది ముందే తేల్చుకుంటే ఏడాది గడుస్తది. తేల్చుకోకుంట పోతే నాలుగో నెలల నువ్వే ఆపేస్తవు, ఫీజు పోతది, బాండ్ మిగుల్తది.

ఏది చేసినా, చేయకున్నా, మీ సెంటర్ బయట ఉన్నదాన్ని కూడా వాడుకోవాలె. 2013ల మొదలైన పిల్లల ఆరోగ్య పరీక్షల కేంద్ర పథకం ఆర్‌బీఎస్‌కే కింద జిల్లాల్ల డీఈఐసీలు (లోపాలను తొందరగ గుర్తించి థెరపీ ఇచ్చే జిల్లా కేంద్రాలు) పెట్టింది ఇట్లాంటి పిల్లల కోసమే, ఒక్క కప్పు కింద పిల్లల డాక్టర్, ఫిజియో, స్పీచ్, సైకాలజిస్ట్, స్పెషల్ ఎడ్యుకేటర్, సోషల్ వర్కర్ ఉండాలని, వాళ్లను కలిపి నడిపేటందుకు మేనేజర్ పోస్ట్ కూడా ఉండాలని దాని గైడ్‌లైన్స్‌లనే ఉంది. నువ్వు చేసేదే ఆ మేనేజర్ పని, అందుకే పోయి వాళ్లు ఎట్ల చేస్తున్నరో చూడు, పరిచయం పెట్టుకో. మండలాల్ల వైకల్యం ఉన్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నయ్. పరకాల నుంచి మీ దగ్గరికి వచ్చే తల్లికి మధ్యల వారాలల్ల భవిత టీచర్ ఒకరు తోడైతే ఆమెకు బస్సు తిప్పలు తగ్గుతయ్. ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఫ్రీనే, కానీ వచ్చిన రోజు కూలి పోతది కదా. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ ఇచ్చే నిరామయ ఆరోగ్య ఇన్సూరెన్స్ లక్ష దాకా ఉంటది, సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నోళ్లకు. ఓపీ చూపులు, థెరపీ కూడా అండ్ల వస్తయ్. ఆ తల్లి తీసుకుందా అడిగినవా? వైకల్యం సర్టిఫికెట్ ఉందా, పింఛన్ వస్తుందా? మీ టీమ్‌ల సోషల్ వర్కర్ లేదు కాబట్టి ఈ ప్రశ్నలు ఎవ్వరి నోట్‌బుక్కుల లేవు. 12 సామర్థ్యాలల్ల మూడో భాగం, బయటి వ్యవస్థను కదిలించుడు అన్నది, మన దగ్గర ఇట్లనే మొదలైతది.

మొదటి మీటింగ్‌కు ఆ తల్లినే పిలువు. ఫోన్ చేసినప్పుడు ఎందుకు వస్తలేవు అని అడగకు, నీకు రోజుల ఏ టైమ్ ఖాళీ ఉంటది అని అడుగు, ఆమె చెప్పింది రాసుకో, ఆ టైమ్‌ల పట్టేంత ప్లానే చేద్దాం అని చెప్పు. ఆ రోజు కూలి పైసలు ట్రస్ట్ ఇయ్యాలె, అది నువ్వు ముందే అడిగి పెట్టు. ఆమె కూసున్న గదిలనే ఫిజియో సార్ నిన్ను "నువ్వు టీచర్‌వి" అనడు, అనే అవసరం కూడా రాదు, ఎందుకంటే అక్కడ అందరూ ఆమెతోనే మాట్లాడుతుంటరు.

ఇగ గడువు సంగతి. ఈ వారమే ఫిజియో సార్‌ను కలువు, అదే వారం ట్రస్ట్‌కు ఒక పేజీ ఆర్డర్ కోసం, ఇద్దర్ని పంపుడు గురించి, బాండ్ షరతుల గురించి కాగితం ఇయ్యి, తీసుకున్నట్టు సంతకం పెట్టించుకో. పదిహేను రోజులల్ల జవాబు అడుగు. జవాబు వచ్చి అది నీకు నడిచేటట్టుంటే, ట్రైనింగ్ వాళ్ల నుంచి కూడా నా ప్రశ్నలకు సరిగ్గ జవాబులొస్తే, పో, నాకైతే పొమ్మనే ఉంది. ట్రస్ట్ ఆలస్యం చేస్తే గడువు పోగొట్టుకోకు, అప్లికేషన్ వేసిపెట్టు, కానీ కాగితం చేతికొచ్చే దాక ఫీజు కట్టకు, బాండ్ మీద సంతకం పెట్టకు.